కొండచీపురు బేరం

అరకు వెళ్ళి వచ్చామంటే చాలు, “గుహలు చూశారా? సొరంగాలు ఎన్ని?” అని అడుగుతారు. గుహలు చూశాం. సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాం గాని, ఇరవై దాటాక మా మనవడికీ మా ఆవిడకూ లెక్కలో తేడా వచ్చింది. తగువు తీర్చేలోగా మరో మూడు వెళ్ళిపోయాయి. మొత్తం 58 అని తోటి ప్రయాణికుడొకాయన తీర్పు చెప్పాడు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన దారి అది. మనబోటివాళ్ళం కిటికీలోంచి లోయలు చూసి మురిసిపోవడం మధ్యలో దొరికిన లాభం.

ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఒక చీపురుకట్ట సంగతి.

మేము దిగిన మర్నాడు శుక్రవారం, అరకులో సంత. మాఘమాసపు మంచు ఇంకా విడవకముందే కొండదారుల వెంట జనం దిగుతున్నారు. మగవాళ్ళ భుజాన కావిళ్ళు, ఆడవాళ్ళ నెత్తిన మూటలు. ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. కొండమీది కాలిబాట ఇద్దరికి చాలదు కాబోలు, తారురోడ్డు మీదికి వచ్చాక కూడా అలాగే వరుస తప్పకుండా నడిచారు.

సంతలో అడుగుపెట్టగానే మా ఆవిడ, “ఇదేమిటండీ, మన వంటిల్లు ఇక్కడుంది!” అంది. నిజమే. చింతపండు, పసుపు, మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, శీకాయ. అటువంటి సరుకు కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది. ఒకపక్క అడ్డాకుల కట్టలు. మా పెళ్ళిభోజనాలు ఆ ఆకు విస్తళ్ళలోనే జరిగాయి. అది ఏ చెట్టు ఆకో ఇన్నేళ్ళుగా నేను అడిగిన పాపాన పోలేదు. అసలు చెట్టే కాదట, అడివిలో పెద్ద చెట్లకు అల్లుకునే తీగె! ఆకు విస్తరికి, నార తాడుకు. ఇక కాఫీ సంగతి సరేసరి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతకు వచ్చినవాళ్ళు మాత్రం చోడి అంబలి తాగుతున్నారు, కొందరు సొరబుర్రల్లోంచి, ఎక్కువమంది ప్లాస్టిక్ సీసాల్లోంచి. రాగులను అక్కడ చోళ్ళంటారు.

ఒక మూల ముక్కున మూడు పోగులతో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ముందు ఎనిమిది కొండచీపుళ్ళు.

“ఎంత, మామ్మా?”

“యాభై, అమ్మా.”

“ముప్ఫై చేసుకో. రెండు తీసుకుంటాను.”

మా ఆవిడ బేరంలో ఆరితేరిన మనిషి. మా వీధి కూరలబండి వాడు ఆవిణ్ణి చూడగానే ధర పెంచి చెబుతాడు, తగ్గించడానికి వీలుగా. ముసలమ్మకు ఆ విద్య రాదు. యాభై అంటే యాభైయే. వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేశాం. పిలవలేదు. మేమే వెనక్కి వచ్చాం.

“గడ్డే గదా, దానికింత ధరేమిటి?” అన్నాను నేను, తెలివిగా మాట్లాడాననుకుని.

“గడ్డే, బాబూ. కొండే దూరం,” అంది. తరవాత మా ఆవిడ వైపు తిరిగి, “ఆటోవాడు తగ్గించడు గదమ్మా,” అంది.

ఆటో ఏమిటని అడిగితే మెల్లగా చెప్పింది. వాళ్ళ ఊరికి బండి వచ్చే దారి లేదు. మూడు రోజుల కిందట కోడలికి నొప్పులొస్తే, పొడుగాటి కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, నలుగురూ మార్చి మార్చి రోడ్డుదాకా మోశారు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది, మగపిల్లాడు. సంత కాగానే చూడబోతోంది. రానూ పోనూ ఆటోకు ఇంత, కోడలికి రొట్టె, పాలకు ఇంత అని లెక్క వేసుకుని ఎనిమిది చీపుళ్ళు కట్టుకొచ్చింది. తగ్గించడానికి ఆ లెక్కలో ఎక్కడా జాగా లేదు.

డోలీమోతల గురించి పత్రికల్లో నేను చాలాసార్లు చదివాను. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివాను.

మా ఆవిడ మాట్లాడకుండా ఎనిమిదీ తీసుకుని, అయిదు వందలు ఇచ్చింది. ముసలమ్మ వంద వెనక్కి ఇచ్చేసింది. “ఉంచు” అంటే, “చీపుళ్ళు అయిపోనాయమ్మా,” అంది. “నీకు కాదు, పిల్లవాడి చేతిలో పెట్టు,” అన్నాక గాని కొంగున ముడి వేసుకోలేదు.

కొత్త కొండచీపురు నూగు రాలుస్తుందని గృహిణులకు చెప్పనక్కరలేదు. ఎనిమిది చీపుళ్ళ నూగూ విశాఖదాకా రైలుపెట్టెలో రాలుతూనే ఉంది. తోటి ప్రయాణికులు తుమ్మారు గాని, ఏమీ అనలేదు.

ఇంటికి చేరిన సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. “ఒక్కొక్కటి యాభయ్యా! మోసపోయారండీ. మన సందు చివర కొట్లో నలభై అయిదే!”

మా ఆవిడ ఒక చీపురు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, “వాకిట్లో దులపండి, నూగు రాలుతుంది,” అంది.