కొండ నిండా ఇనుము, దారి నిండా భయం

అఫ్ఘానిస్తాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ 2025 అక్టోబరులో మన దేశానికి వచ్చినప్పుడు మనవాళ్ళ మధ్య ఆయన దేవ్‌బంద్ సందర్శన గురించే ఎక్కువ చర్చ జరిగింది. అదే పర్యటనలో ఢిల్లీలో వెలువడిన మరో మాట అంతగా ఎవరి దృష్టికీ రాలేదు. తమ దేశంలోని గనుల్లో పెట్టుబడులు పెట్టవలసిందిగా అఫ్ఘాన్ పక్షం భారతీయ కంపెనీలను ఆహ్వానించింది.

ఈ ఆహ్వానం కొత్తదేమీ కాదు. కాబూల్‌కు పశ్చిమాన, బామియాన్ ప్రాంతపు ఎత్తైన పర్వతాలలో హాజీగక్ అనే చోట సుమారు 180 కోట్ల టన్నుల ఇనుప ఖనిజం ఉందని అంచనా. 2011 నవంబరులో అక్కడి నాలుగు బ్లాకుల్లో మూడింటికి భారతీయ కంపెనీల కూటమి ఎంపికయింది. ఆ కూటమికి సెయిల్ నాయకత్వం వహించింది. మాసాబ్‌ట్యాంక్ దగ్గర కార్యాలయమున్న ఎన్.ఎం.డి.సి., మన విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అందులో భాగస్వాములు. గని, ఉక్కు కర్మాగారం, విద్యుత్తు అన్నీ కలిపి వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాలన్నది నాటి ఆలోచన. ఏళ్ళు గడిచాయి. ఆలోచన చిన్నదవుతూ వచ్చింది. తుది ఒప్పందం కుదరనే లేదు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి వచ్చింది. ఇనుము మాత్రం కొండలోనే ఉండిపోయింది.

కారణమేమిటి? ఖనిజం నాణ్యతలో లోపం లేదు. లోపమల్లా దారిలో ఉంది. ఇనుప ఖనిజం బంగారం వంటిది కాదు, సంచీలో వేసుకుని తీసుకుపోవడానికి. రైలు కావాలి, రేవు కావాలి. అఫ్ఘానిస్తాన్‌కు సముద్రం లేదు. దగ్గరి దారి పాకిస్తాన్ మీదుగా ఉన్నా, రెండు దేశాల వైరం వల్ల అది మనకు మూసుకుపోయింది. మిగిలినది ఇరాన్‌లోని చాబహార్ రేవు. ఆ దిక్కుగా భారత్ జరంజ్ నుంచి దెలారాం వరకు రోడ్డు వేసి 2009లో అప్పగించింది. ఆ పనిలో మనవాళ్ళు కొందరు ప్రాణాలు కోల్పోయారు. చాబహార్ నుంచి హాజీగక్ వరకు సుమారు 900 కిలోమీటర్ల రైలు మార్గం గురించి కూడా మాటలు సాగాయి. కానీ ఆ రేవుపై అమెరికా, ఇరాన్ తగాదా నీడ పడింది. 2018లో ఆంక్షల నుంచి చాబహార్‌కు మినహాయింపు ఇచ్చిన అమెరికా, 2025 సెప్టెంబరులో దానిని రద్దు చేస్తున్నట్లు ప్రకటించి, తరువాత ఆరు నెలల గడువు ఇచ్చింది. గని ముప్పై ఏళ్ళ వ్యవహారం. ఆరు నెలల గడువును నమ్ముకుని ముప్పై ఏళ్ళ పెట్టుబడి ఎవరు పెడతారు?

మనకు దారి లేక ఆగింది సరే, సరిహద్దు పంచుకునే చైనా మాటేమిటి? కాబూల్‌కు ఆగ్నేయంగా లోగర్ ప్రాంతంలో మిస్ ఐనక్ అనే రాగి గని ఉంది. ఫారసీలో మిస్ అంటే రాగి. 2008లో చైనా కంపెనీలు దీనిని ముప్పై ఏళ్ళకు తీసుకున్నాయి. సుమారు 300 కోట్ల డాలర్ల పెట్టుబడి, విద్యుత్ కేంద్రం, రైలు మార్గం అని వాగ్దానం చేశాయి. రాకెట్ దాడులు జరిగాయి. గని ప్రాంతంలోనే బయటపడిన ప్రాచీన బౌద్ధ ఆరామాల తవ్వకాల వల్ల కూడా పని ఆలస్యమయింది. చివరకు గనికి వెళ్ళే రోడ్డు పని ప్రారంభోత్సవం జరిగింది 2024లో! పదహారేళ్ళకు రోడ్డు మొదలయిందన్నమాట.

2021 తరువాత అఫ్ఘానిస్తాన్‌లో యుద్ధం చాలావరకు సద్దుమణిగింది. 2023 ఆగస్టులో 650 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఏడు గనుల ఒప్పందాలు కుదిరాయని తాలిబాన్ ప్రభుత్వం ప్రకటించింది. కాగితంపై రాసుకున్నంత సులభంగా గనిలో పని సాగదు. తుపాకీ ఆగితేనే భద్రత వచ్చినట్లు కాదు. బ్యాంకు డబ్బు పంపాలి, బీమా దొరకాలి, తగాదా వస్తే తీర్పు చెప్పే న్యాయస్థానం ఉండాలి. ఆ దేశపు నిధులు సుమారు 700 కోట్ల డాలర్లు అమెరికా స్తంభింపజేసింది. ఆకలితో ఉన్న ప్రజల సొమ్మును ఆపడం న్యాయమని ఎవరూ అనలేరు. అలాగే ఆరో తరగతి దాటాక బాలికలకు చదువు నిషేధించడం కూడా సమర్థనీయం కాదు. విద్యార్జన ప్రతి ముస్లింకూ విధి అని మద్రసాలో పిల్లలకు నేర్పేవాడిని, ఇది చెప్పకుండా ఉండలేను. సగం మందికి చదువు లేని దేశం తన గనులకు కావలసిన నిపుణులను ఎక్కడ నుంచి తెచ్చుకుంటుంది?

హజ్రత్ ఇబ్రాహీం (అ) మక్కా కోసం చేసిన దుఆను గుర్తు చేసుకోండి. బఖరా సూరాలో ఆయన ముందు ఆ పట్టణానికి శాంతిభద్రతలు కోరారు, ఆ తరువాతే ఫలాల ఉపాధి అడిగారు. ఈ క్రమంలో గొప్ప పాఠం ఉంది. అమ్న్ లేనిచోట రిజ్క్ ఉన్నా నోటికి అందదు.

మరో పాఠం గని ఎవరిదన్నది. యెమెన్ వాసి హజ్రత్ అబ్యజ్ బిన్ హమ్మాల్ (ర) మారిబ్‌లోని ఉప్పు గనిని కోరగా దైవప్రవక్త (స) ఇచ్చారు. అది ఎండని నీటి ఊట వలె అందరికీ సులువుగా దొరికేదని ఒకరు తెలియజేయగానే వెనక్కు తీసుకున్నారు. అదే ప్రవక్త (స) హజ్రత్ బిలాల్ బిన్ హారిస్ (ర)కు ఖబలియ్య ప్రాంతపు గనులు అప్పగించారు. అంటే శ్రమ, పెట్టుబడి పెట్టేవారికి గని ఇవ్వడం తప్పు కాదు. కానీ ప్రజల హక్కు దెబ్బతింటుంటే, చేసిన ఒప్పందమైనా సరిచూసుకోవాలి. గని పాలకుడి సొత్తు కాదు, అతని చేతిలోని అమానత్.

కనుక మన కంపెనీలు మళ్ళీ ఆ దిక్కుకు బయలుదేరే ముందు కొండలో ఎన్ని టన్నులున్నాయని మాత్రమే అడిగితే చాలదు. దారి ఎవరి చేతిలో ఉంది, ఆ కొండ కింది పల్లెవాడికి ఏం దక్కుతుంది అని కూడా అడగాలి. 2011లో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకలేదు. హాజీగక్ పల్లెల్లో ఈనాటికీ చలికాలం చలికాలంగానే ఉంది. ఆ బిడ్డలకు అల్లాహ్ భద్రతను, దానితోపాటు ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.