మునగని ఊళ్లు లెక్కలోకి రావా?

నర్మద నీళ్లు గుజరాత్‌లో 458 కిలోమీటర్ల కాలువ దాటి, 2008లో రాజస్థాన్ ఎడారి పొలాలకు చేరాయి. జాలోర్, బాడ్‌మేర్ రైతుల దాహం అబద్ధం కాదు. వాళ్లతో మనకు తగువు లేదు.

తగువంతా లెక్క రాసినోళ్లతోనే. సర్దార్ సరోవర్ కింద భిల్లుల ఊళ్లు మునిగిన సంగతి కొందరికైనా తెలుసు. మరి కెవడియా? 1961లో డ్యాం సిబ్బంది కాలనీకని అక్కడి ఆరు ఊళ్ల ఆదివాసుల భూములు తీసుకున్నారు. ఎక్కువమంది తడవీలే. 1979లో ట్రిబ్యునల్ మునిగిన భూమికి బదులు భూమి ఇవ్వమంది. వీళ్లకేమో, మీ పొలం నీళ్లలో మునగలేదు కదా, మీరు నిర్వాసితులే కారన్నారు! కాలనీ కింద పోతే పోయినట్టు కాదట. ఆ చుట్టుపక్కలే 2018లో 182 మీటర్ల విగ్రహం లేచింది. చూడ్డానికి టికెట్టు కూడా.

పోలవరంలో మన కోయ, కొండరెడ్డి ఊళ్లను అడుగుతున్నదీ ఇలాంటిదే: నువ్వు 41.15 కాంటూరు లోపలా, 45.72 లోపలా? 2022 జూలైలో గోదావరి ఇళ్లలోకొచ్చినప్పుడు కాంటూరు చూసి రాలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊరు ఏ జాబితాలో ఉందో గ్రామసభలో అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.