కారు కింద పచ్చ మరకలు

ట్రుగనీనా గోదాముల ఆఫీసుల్లో గుమాస్తాలం మేం. నలుగురికీ ఒకటే పాత కారు. రైలెక్కాలంటే విలియమ్స్ లాండింగో, టార్నీటో పోవాలి. కారు ఆగితే నలుగురి కూలీ పోతుంది.

మొన్న కూలెంటు డబ్బాలో మట్టం కింది గీత దిగింది. రాత్రి ఇంజను కింద అట్టముక్క పరిచాం. ఏసీ నీళ్లకు రంగుండదు. తెల్లారి పచ్చ మరకలు కనిపించాయి. ఇంజను పూర్తిగా చల్లారాకే చూశాం. వేడిమీద రేడియేటరు మూత తిప్పితే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. గొట్టం క్లిప్పు వదులైంది, స్క్రూడ్రైవరుతో బిగించాం. అదే రకం కూలెంటు పోశాం.

ఇంతవరకే మన పని అన్నలారా! పంపు కారినా, ఇంజనాయిలు పాలకాఫీలా మారినా, తెల్లపొగ ఆగకపోయినా బండి నడపొద్దు. మెకానిక్కును పిలవండి, ఎంతవుతుందో ముందే కాగితంమీద రాయించుకోండి. అక్కడ పొదుపు చేస్తే ఇంజనే పోతుంది.