కొలువు లేని స్వరకర్త

రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో లవంగి, మహతి రాగాలను కల్పించినారు. రాగం ఎవరి సొత్తూ కాదు. అందులో కట్టిన కృతి మాత్రం కర్తది. 2016లో ఆయన దివంగతులైనా, చట్టరీత్యా ఆ కృతులపై హక్కు 2076 చివరి దాకా నిలుస్తుంది.

ఆ సీమలోనే నేడు ఇంట కూర్చుండి కంప్యూటరుపై బాణీలు కట్టే యువకునికి ఏ సంస్థలోనూ కొలువు లేదు. ఒక్కసారి చేతబడే పైకానికి సర్వహక్కులూ వ్రాసి ఇచ్చివేస్తాడు. కాని 2012 నాటి కాపీరైటు సవరణ ప్రకారం, సినిమాహాలు ప్రదర్శన మినహా తక్కిన వినియోగాలపై రాయల్టీలో అతని సమభాగం అతనిదే. వదులుకొంటానని సంతకం చేసినా చెల్లదు! చిక్కల్లా ఒక్కటే: భాగం అడిగినవానికి మరునాడు పని దొరుకునా? 1969లో ఏర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. సంఘంలో సభ్యుడైతే, అతని పక్షాన ఆ సంఘమే వసూలు చేస్తుంది.