నల్లచొక్కా, భోగిపళ్లు

జపానులో నవంబరు 15వ తేదీ ప్రాంతాల ఆడపిల్లలను 3, 7 ఏళ్ల వయసులోను, మగపిల్లలను 3, 5 ఏళ్ల వయసులోను సింగారించి దేవాలయానికి తీసుకుపోతారు. పండుగ పేరు 'షిచి-గో-సాన్'. ఏడు, అయిదు, మూడు అని అర్థం, అంతే! చేతికి పొడుగాటి ఎరుపు, తెలుపు చక్కెర కడ్డీలిస్తారు. వాటి పేరులో వెయ్యేళ్ల ఆయుష్షున్నది. పిల్లలు బతికి బట్టకట్టడమే గండమైన రోజుల్లో పుట్టిన లెక్క అది. మన భోగిపళ్లకూ అయిదేళ్ల లెక్క వున్నది గదా!

మద్నూరు సంగతి వేరు. 2016లో కామారెడ్డి జిల్లాలో చేరిన యీ వూరు మహారాష్ట్ర పొలిమేరలో వున్నది. తెలుగుతోబాటు మరాఠీ కూడా వీధిలో వినబడుతుంది. మరాఠీ వారు భోగిపళ్లను 'బోర్‌న్హాణ్' అంటారు, అనగా రేగుపళ్ల స్నానం. సంక్రాంతి మొదలు రథసప్తమి లోపల ఎప్పుడైనా చేస్తారు. పిల్లలకు నల్లబట్టలు తొడుగుతారు; చలికి నలుపు వెచ్చన అని వారి సమాధానం. పైన హల్వా నగలు. హల్వా అంటే మిఠాయికొట్లో దొరికేది కాదండీ. నువ్వుగింజలను సన్నని సెగమీద పెట్టి, చక్కెరపాకం చుక్కచుక్కగా వేస్తూ వేళ్లతో కదుపుతూ వుంటే, గింజ చుట్టూ తెల్లని ముళ్లు లేస్తాయి. వాటితో గొలుసులు, కిరీటం, మగపిల్లవాడికి మురళి చేస్తారు. ఎంత ఓపిక!

నేనెరిగిన ఒక ఇంట కోడలిది దెగ్లూరు. వియ్యపురాలు మనుమడికి నల్లచొక్కా, హల్వా నగలు తెచ్చారు.

"పండుగపూట పిలగానికి నల్లబట్టలా, వదినే?" అన్నారు నాయనమ్మగారు.

చివరకు నల్లచొక్కా మీద పసుపు కండువా కప్పి సంధి చేసుకున్నారు.

రేగుపళ్లు, చెరకుముక్కలు, నానిన శనగలు, పూలరేకులు, చిల్లరడబ్బులు కలిపి ముత్తయిదువలు ఒక్కొక్కరే పోస్తున్నారు. రోజుల తరబడి పొయ్యి దగ్గర కూర్చుని ఆ నగలు చేసిన అమ్మమ్మగారు మాత్రం గడప దాటి రాలేదు. భర్త పోయి ఏడాది. నాకు ఒళ్లు మండింది. మనుమడి ఆయుష్షు కోరే హక్కు బొట్టుకేనా? నేను నోరు తెరిచేలోగా, నలుపు వద్దన్న నాయనమ్మగారే పళ్లెం పట్టుకుని గడప దగ్గరకు పోయారు.

"నువ్వు పొయ్యకుంటే ఎట్ల, వదినే? దా!"

ఒకరిద్దరు మొహాలు చిట్లించారు. ఆవిడ లెక్కచేయలేదు. అమ్మమ్మగారి చేతులు వణికి సగం పళ్లు పిల్లవాడి వీపుమీదే పడ్డాయి.

దిష్టి తీసిన పళ్లు తినరాదని మన పద్ధతి. ఏరుకున్నవారికి ఏరుకున్నంత అని వారి పద్ధతి. ఏది పాటించాలో పెద్దలు తేల్చేలోగా వీధిపిల్లలు నేలమీద ఒక్క పండు మిగల్చలేదు. పీటమీది పెద్దమనిషి అప్పటికే సగం మురళి కొరికేశాడు.