రెండు సీట్ల కారు, ఐదువందల మంది బరాత్



ఈసారి పోస్టు కొంచెం పొడుగే. ఛాయ్ తాగుతూ చదవండి. కోపం వస్తే కింద రాయండి, కానీ చివరిదాకా చదివి రాయండి.

మన కామాటిపుర గల్లీల్లో, వర్లీ బీడీడీ చాళ్లలో ఈమధ్య ఒక కొత్త రోగం పట్టింది. పెళ్లి మాటల్లో బంగారం, బట్టలు, హాలు, భోజనాలు అన్నీ అయిపోతాయి. అప్పుడు పిల్లవాడి తరఫు పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుని, "బరాత్‌కు ఓపెన్ కారు పెట్టిద్దాం, స్పోర్ట్స్ కారు, రెండు సీట్లది" అంటాడు. "పెట్టిద్దాం" అన్నప్పుడు అందరం కలిసి పెట్టేటట్టే వినిపిస్తుంది. కిరాయి చిట్టీ మాత్రం ఆడపిల్ల తండ్రి చేతికి పోతుంది. ఆయన కాదనలేడు. ఇజ్జత్ అంటారు, ఒక్కరోజే కదా అంటారు.

మేము కాదంటున్నాం. ఎందుకో చెప్తాం.

మేము రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన వాళ్లం. చదివింది తమిళ మీడియంలో, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక ఈ సంఘంలోనే నేర్చుకున్నాం. అలంకారాలు రావు, లెక్కలు వస్తాయి. మొదటి లెక్క ఇది. కారులో రెండే సీట్లు. కిరాయి కారుకు డ్రైవర్ వాళ్లవాడే వస్తాడు, ఒక సీటు ఆయనది. రెండోది పెళ్లికొడుకుది. మరి పెళ్లికూతురు ఎక్కడ? అందుకే ఇద్దరినీ వెనక డిక్కీ మూత మీద కూర్చోబెట్టి, కాళ్లు సీట్లో పెట్టిస్తున్నారు. రెండు సీట్ల పెట్టెలో మేము ఏనాడూ మూడో బెర్తు ఇవ్వలేదు. మన బరాతుల్లో ఇస్తున్నారు, అదీ బెల్టు లేకుండా, పట్టుకోవడానికి ఏమీ లేకుండా.

మాకు ఆ కారు మీద కోపం లేదు. నిజానికి దాని చరిత్ర తెలిస్తే మీకూ గౌరవం కలుగుతుంది. అది దర్జా కోసం పుట్టిన బండి కాదు. మొదట్లో కార్లన్నీ ఓపెనే, ఎందుకంటే పైకప్పు వేయడం ఖర్చు. 1920ల మొదట్లో అమెరికాలో ఎక్కువ కార్లు కప్పులేనివే. ఆ దశాబ్దం ముగిసేసరికి కప్పు కార్లు చవకై లెక్క తిరగబడింది. అప్పటినుంచి ఓపెన్ కారు కొనేవాడు కావాలనే కొన్నాడు. 1929లో ఇంగ్లండులో ఎంజీ కంపెనీ మిడ్జెట్ అనే చిన్న కారు తెచ్చింది. 847 సీసీ ఇంజను, చెక్క చట్రం మీద గుడ్డ బిగించిన బాడీ, ధర 175 పౌండ్లు. మామూలు ఉద్యోగస్థుడు కూడా ఆశపడగలిగిన స్పోర్ట్స్ కారు అది. 1989లో జపాన్ మాజ్డా వాళ్లు ఎంఎక్స్-5 తెచ్చారు. టన్ను కూడా తూగదు. గుర్రం, రౌతు ఒక్కటై పోవాలన్నది వాళ్లు చెప్పుకున్న సూత్రం. 2016 నాటికి అలాంటివి పది లక్షలు తయారయ్యాయి. మన పక్కన గోవాలోనే సాన్ మోటార్స్ వాళ్లు 1990ల చివర్లో స్టార్మ్ అని రెండు సీట్ల కారు చేశారు. ఫైబర్ బాడీ, 1,149 సీసీ రెనో ఇంజను.

వీటన్నిటి గుణం ఒక్కటే. బరువు తక్కువ, ఆర్భాటం తక్కువ, నడిపేవాడికి సంతోషం ఎక్కువ. పక్కన ఒక్క మనిషికి చోటు, ముందు ఖాళీ రోడ్డు. అలాంటి బండిని బ్యాండు మేళం వెనక, మనిషి నడక వేగంతో, మన గల్లీలో రెండు గంటలు ఫస్ట్ గేరులో ఈడ్పించడం ఏమిటి? క్లచ్ కాలుతుంది, ఇంజను వేడెక్కుతుంది. రేసు గుర్రానికి ఇటుకల బండి కట్టినట్టు.

గుర్రం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. టాక్సీని క్యాబ్ అంటాం కదా, అది క్యాబ్రియోలే అన్న మాటకు కురచ రూపం. మడిచే గుడ్డ కప్పుతో, ఇద్దరు కూర్చునే తేలికైన గుర్రపు బండి అది. మన బొంబాయి విక్టోరియా బండి కూడా ఆ వంశానిదే. 2015లో హైకోర్టు ఆ గుర్రాల సవారీ చట్టవిరుద్ధమని తేల్చింది. గుర్రాల బాధ కోర్టుకు కనబడింది. ఆడపిల్ల తండ్రి బాధ మన సంఘానికి ఎప్పుడు కనబడుతుంది?

ఇంకా అసలు సంగతి చెప్పలేదు. బరాతులకు వచ్చే ఈ బండ్లలో చాలావరకు స్పోర్ట్స్ కార్లే కావు. పాత సెడాన్ తెచ్చి, గ్యాస్ కట్టర్‌తో పైకప్పు కోసి, ఎర్ర రంగు కొట్టి, వెనక సీట్లు పీకేసినవి. మామూలు కారులో పైకప్పు ఎండకు గొడుగు మాత్రమే కాదు, బాడీ బలంలో అది భాగం. ఓపెన్‌గా తయారుచేసే కంపెనీ ఆ బలాన్ని కింద నేలలో, పక్క దూలాల్లో అదనంగా పెడుతుంది. షెడ్డులో కోసేవాడు ఏమీ పెట్టడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే తలుపులు వదులై ఊగుతాయి. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అలాంటి బండి మీద మన పిల్లలను ఎక్కించి, పైసలు కూడా మనమే ఇస్తున్నాం.

చట్టం మాటే అయితే, వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది. పెళ్లి షరతుగా ఆడపిల్ల వాళ్లను అడిగేది నగదైనా, విలువైన వస్తువైనా, అడగడమే నేరం. కారు కిరాయి అందులోకి రాదు అని వాదించే వకీళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లకు ఒకటే ప్రశ్న. రాకపోతే, ఆ మాట అడిగేటప్పుడు గొంతు ఎందుకు తగ్గిస్తున్నారు?

"పక్క సమాజం వాళ్లు చేస్తున్నారు, మనం తక్కువా?" అని తమ్ముళ్లు అడుగుతున్నారు. మనం ఎవరమో గుర్తు చేసుకోండి. మన తాతలు నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసిన కామాటీలు. ఆ పేరే ఈ పేటకు నిలిచింది. 1873లో జోతీరావు ఫూలే గారు పుణేలో సత్యశోధక సమాజం పెట్టి, ఆర్భాటం లేని, తక్కువ ఖర్చు పెళ్లిళ్లు చేయించారు. ముంబైలో ఆయన వెంట నిలబడిన వాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగూ వంటి మన తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లు చూసిన దారి అది. ఏప్రిల్ 11న ఫూలే గారి పటానికి దండ వేసి, మే నెలలో వియ్యంకుడిని ఓపెన్ కారు అడిగితే ఆ దండకు అర్థమేమిటి?

కొందరు అంటున్నారు, "ముసలోళ్లకు కుర్రాళ్ల సరదా పడదు" అని. సరదా వద్దని మేము అనలేదు. పెళ్లయిన తర్వాత, మీ సొంత జీతంతో, కంపెనీ చేసిన అసలు బండి ఒకరోజు కిరాయికి తీసుకోండి. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని తెల్లవారుజామున మెరైన్ డ్రైవ్ మీద, లేదా లోనావాలా దాకా పోయి రండి. ఇద్దరూ బెల్టు పెట్టుకోండి. రెండు సీట్లు పెట్టింది అందుకే. అందులో అత్తగారికి, మామగారికి, బ్యాండు మాస్టరుకు చోటు లేదు. అప్పు ఇచ్చినవాడికి అసలే లేదు.

రాబోయే సర్వసభ్య సమావేశంలో మేము మూడు మాటలు తీర్మానంగా పెడుతున్నాం. ఒకటి, పెళ్లి మాటల్లో సంఘ పెద్దలు కూర్చున్న చోట బరాత్ బండి ప్రస్తావన రాకూడదు. రెండు, బండి కావాలన్నవాళ్లు సొంతంగా పెట్టుకోవాలి, ఆ కిరాయి చిట్టీ పిల్లవాడి తండ్రి పేరు మీదే ఉండాలి. మూడు, కప్పు కోసిన బండి ఏదైనా బరాత్‌లో ఉంటే సంఘం తరఫున ఎవరూ ముందు నడవకూడదు.

ఒప్పుకునేవాళ్లు పేరు, గల్లీ నంబరు కింద రాయండి. ఒప్పుకోనివాళ్లు కారణం రాయండి. "అందరూ చేస్తున్నారు" అన్నది కారణంగా లెక్కించం.