కాటా ఒక్కటే, బళ్ళు 40!

యాలాల్ రైతులు తాండూరు మార్కెట్టుకు కందులు తెచ్చారనుకోండి. బళ్ళు 40, కాటా ఒక్కటే. మరో 40 బళ్ళు వస్తే తూకం జోరందుకుంటుందా? అందుకోదు గదా! ప్రాసెసర్లు పెంచితే చాలు, కంప్యూటరు వేగం దానంతటదే పెరుగుతుందనేవారితో నా పేచీ ఇక్కడే.

కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాము కెర్నెల్. అందులోని ఒక పట్టికను రెండు ప్రాసెసర్లు ఒకేసారి దిద్దితే లెక్క తప్పుతుంది. అందుకే దానికో ‘తాళం’. 1996లో లినక్స్ అనేక ప్రాసెసర్లకు సిద్ధమైనప్పుడు కెర్నెల్ అంతటికీ ఒకే పెద్ద తాళం! దాన్ని పూర్తిగా వదిలించుకునేసరికి 2011 వచ్చింది.

చిన్న తాళాలకూ చిక్కులున్నాయి. మొదట్లో తోసుకొచ్చినవాడిదే తాళం. 2008లో టోకెన్ల పద్ధతి పెట్టారు. వరస కుదిరింది. కాని అందరూ ఒకే బోర్డు వంక చూడాలి. అంకె మారినప్పుడల్లా వేచివున్న ప్రతి ప్రాసెసరూ దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలి. ఈ రాకపోకలతోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

మెల్లర్-క్రమ్మీ, స్కాట్ అనే శాస్త్రజ్ఞులు 1991లోనే ఉపాయం చెప్పారు. ఎవరి చీటీ వారే చూసుకోవాలి. పని ముగించినవాడు తన వెనకవాడి చీటీ మీద మాత్రమే ‘నీ వంతు’ అని రాయాలి. ఎంత బాగుందో చూడండి! అయితే వరసలో చివరి చీటీ చిరునామాను తాళంలో రాయాలంటే నేటి యంత్రాల్లో 8 బైట్లు కావాలి. ఉన్న చోటు 4 బైట్లే. చిరునామాకు బదులు ప్రాసెసరు నంబరు రాసి, 2015లో ఆ 4 బైట్లలోనే ఇమిడ్చారు. కొత్త ప్రాసెసరు కంటే నాకు ఈ పొదుపే ఘనంగా తోస్తుంది. అంగడి ప్రకటనల్లో మాత్రం దీని ఊసే ఉండదు.